రక్తం పట్టించే చైనా మూలికలు: అపోహలు, వాస్తవాలు

మాది న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర చిన్న క్లినిక్కండి, ఆక్యుపంక్చర్ సూదులూ వేస్తాను, చైనా మూలికలూ ఇస్తాను. వచ్చేవాళ్ళలో మనోళ్ళు బాగానే ఉంటారు, అందులో ఆడవాళ్ళు కూర్చోగానే అనే మొదటి మాట "ఒంట్లో రక్తం లేదండీ, రక్తం పట్టే మూలికలు మీ దగ్గర ఉంటాయంట కదా" అని. ఉంటాయి. కాకపోతే వాళ్ళు అడిగే రక్తం ఒకటి, మా పుస్తకాల్లో ఉన్న రక్తం ఇంకోటి, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

అపోహ: రక్తం తక్కువ అంటే హిమోగ్లోబిన్ తక్కువనేగా, పేరేదైతే ఏంటి

కాదండి. చైనా వైద్యంలో దీన్ని శ్వే అంటారు. ఒంట్లో పారే ఎర్రటి రక్తం అందులో ఉంది కానీ అంతటితో అయిపోదు, కంటిచూపు, గోళ్ళ బలం, రాత్రి నిద్ర, నెలసరి, ఇవన్నీ శ్వే చూసుకునే పనులే అని లెక్క. అందుకే మేం రిపోర్టు కన్నా ముందు నాలుక చూస్తాం, పాలిపోయిందా, నాడి దారంలా సన్నగా తగుల్తోందా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా, చేతులు తిమ్మిరెక్కుతున్నాయా, పీరియడ్స్ రెండ్రోజులకే ఆగిపోతున్నాయా అని అడుగుతాం. హిమోగ్లోబిన్ 13 ఉన్నావిడకి కూడా శ్వే తక్కువ అని రాసిన రోజులున్నాయి.

రివర్స్ కేసు ఇంకా ముఖ్యం. 8 ఉన్నావిడ వస్తే నేను మూలికల డబ్బా తెరవను, ముందు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12 టెస్టులు చేయించుకుని ఫ్యామిలీ డాక్టర్‌కి చూపించుకు రమ్మంటాను, ఎందుకంటే లోపల ఫైబ్రాయిడ్ ఉండి నెలనెలా రక్తం పోతుంటే నేను పైనుంచి ఏం పోసినా చిల్లు కుండలో నీళ్ళే, పైగా మన ప్యూర్ వెజిటేరియన్ ఇళ్ళలో బీ12 లోపం చాలా కామన్, దానికి ఏ వేరూ మందు కాదు. మన దేశంలో 2019-21 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, అంటే ఇదేదో ఒకరిద్దరి సమస్య కాదు. ఐరన్ మాత్ర మానేసి దాంగ్ గుయ్ అనే చైనా వేరు కషాయం తాగుతానంటే మాత్రం నేను ఒప్పుకోను.

అపోహ: ఎర్రగా ఉన్నదల్లా రక్తం పట్టిస్తుంది

మనకి బీట్‌రూట్, దానిమ్మ ఎలాగో వాళ్ళకి ఎర్ర ఖర్జూరాలు అలాగ. పేరుకే ఖర్జూరం, అసలు అది మన రేగుపండుకి దగ్గరి చుట్టం, భోగిపళ్ళు పోసేది గుర్తుందిగా, అదే ఫ్యామిలీ. మా పాఠ్యపుస్తకాల్లో అది రక్తం చాప్టర్లో ఉండదు, చీ అంటే ఒంటి సత్తువ పెంచేవాటిలో ఉంటుంది. ఇక రక్తం చాప్టర్లో ముందు వరసలో ఉన్నవి చూడండి: దాంగ్ గుయ్ లేత గోధుమరంగు వేరు, బై షావ్ తెలుపు, షు దీ కాటుక నలుపు. ఈ షు దీని వైన్ కలిపి ఆవిరి పట్టడం, ఎండబెట్టడం, మళ్ళీ ఆవిరి పట్టడం, ఇలా తొమ్మిదిసార్లు చేయాలని పాత పద్ధతి, చివరికి పాకంలా జిగురుగా చేతికి అంటుకుంటుంది.

అపోహ: డోసు పెంచితే రక్తం తొందరగా పడుతుంది

ప్రాక్టీస్ కొత్తలో నేనూ చేశానీ తప్పు. ఆకలి లేక నీరసంగా ఉన్నావిడకి షు దీ గట్టిగా వేసి పంపించా, వారం తిరక్కుండా కడుపుబ్బరం, లూజ్ మోషన్స్ అని ఫోన్. అరగని కడుపులో అంత జిగురు వేస్తే ఇంకేమవుతుంది. అందుకే దాంతో షా రెన్ కలపమంటారు, అది మన యాలక్కాయ కుటుంబంలోదే.

పాతవాళ్ళు దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. లీ దోంగ్‌యువాన్ అని 13వ శతాబ్దపు వైద్యుడు, ఆయన యోగం, అంటే మూలికల మిశ్రమం, పేరు దాంగ్ గుయ్ బు శ్వే థాంగ్, అంటే దాంగ్ గుయ్‌తో రక్తం పట్టించే కషాయం, తీరా లోపల చూస్తే దాంగ్ గుయ్ ఒక వంతు, హువాంగ్ చీ ఐదు వంతులు! హువాంగ్ చీ అసలు రక్తం మూలిక కానే కాదు, సత్తువ మూలిక. సత్తువ ఉంటేనే తిన్నది రక్తం అవుతుందని ఆయన లెక్క. అలాగే సోంగ్ రాజుల కాలం నుంచి వాడుకలో ఉన్న స్సు వూ థాంగ్‌లో నాలుగే మూలికలు, షు దీ, బై షావ్ రక్తాన్ని నింపుతాయి, దాంగ్ గుయ్, చువాన్ షియోంగ్ దాన్ని కదిలిస్తాయి. నాకు మా సిలబస్ మొత్తంలో బాగా నచ్చిన యోగం ఇదే.

అపోహ: దాంగ్ గుయ్ ఆడవాళ్ళ హార్మోన్, ఏ ఆడవాళ్ళైనా తాగొచ్చు

1997లో మెనోపాజ్ దాటిన 71 మందికి ఒక్క దాంగ్ గుయ్‌నే 24 వారాలు ఇచ్చి చూశారు, వేడి ఆవిర్లు తగ్గడంలో ఉత్తుత్తి మాత్రకీ దానికీ తేడా రాలేదు, ఈస్ట్రోజెన్ పనీ కనపడలేదు. మేం దాన్ని ఒంటరిగా వాడటం తక్కువే అనుకోండి, అయినా సీసా మీద హార్మోన్ బ్యాలెన్స్ అని రాసి అమ్మేవాళ్ళకి ఇది చెప్పాలి. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు దీని జోలికి పోవద్దు. కడుపుతో ఉన్నా, బ్లీడింగ్ ఎక్కువవుతున్నా, ఆపరేషన్ డేట్ దగ్గర్లో ఉన్నా అంతే.

అపోహ: హ షౌ వూ అనే వేరు తింటే తెల్లజుట్టు నల్లబడుతుంది, సహజం కాబట్టి భయం లేదు

పేరులోనే నల్ల తల అని ఉంది, హ అనే ముసలాయన జుట్టు నల్లబడిందని కథ. కథ బాగుంటుంది. లివర్ దెబ్బతిన్న కేసులు మాత్రం కథ కాదు. 2014లో చైనా ప్రభుత్వమే హెల్త్ ఫుడ్స్‌లో రోజుకి పచ్చిదైతే 1.5 గ్రాములు, నల్ల సోయా రసంలో శుద్ధి చేసిందైతే 3 గ్రాములు దాటకూడదని పరిమితి పెట్టింది. ఆన్‌లైన్లో వచ్చే పొడి పచ్చిదో శుద్ధిదో ఎవరికి తెలుసు. నేనైతే ఇవ్వడం దాదాపు మానేశా.

ఇంకొకటుంది, అ జ్యావ్. షాన్‌దోంగ్ రాష్ట్రంలోని దోంగ్ అ అనే ఊరి పేరు మీద వచ్చింది, గాడిద తోలు ఉడకబెట్టి తీసిన జిగురు. దీని కోసం ఆఫ్రికాలో గాడిదల్ని ఎంతలా కోశారంటే 2024లో ఆఫ్రికన్ యూనియన్ తోలు కోసం గాడిదల్ని చంపడం ఆపాలని తీర్మానం చేసింది. ఆంధ్రాలో గాడిద మాంసం బలమని ఎగబడేవాళ్ళని చూసినదాన్ని కాబట్టి నాకేం ఆశ్చర్యం లేదు. నేను రాయను.

మొన్న ఒకావిడ, ఉల్లి వెల్లుల్లి కూడా తినని ఇల్లు, ఆఫీసులో చైనీస్ ఫ్రెండ్ ఇచ్చిందని నల్ల నువ్వుల అచ్చులు పట్టుకొచ్చి "రక్తానికి మంచిదంట, నువ్వుల జీడిలాగే ఉంది, సగం డబ్బా అయిపోయింది" అంది. అది అ జ్యావ్ కేక్, గాడిద తోలు జిగురు, వాల్‌నట్స్, పైన కాస్త రైస్ వైన్. ఎలా చెప్పాలో తెలియక రెండు నిమిషాలు నాడి పట్టుకుని కూర్చున్నా. కాబట్టి డబ్బా మీద చైనీస్‌లో రాసుంటే తినకముందే ఫొటో తీసి పంపండి, చదివి చెప్తాను.