రౌడీషీటు తెరవడానికి చట్టం ఏది? 1962లో వేసిన ప్రశ్న

గోదావరి జిల్లాల్లో రౌడీషీట్ల గొడవ మళ్లీ రాజుకుంది. సంక్రాంతి కోడిపందేల బరులకు ముందు ఒకసారి, ఎన్నికలొస్తే ఇంకోసారి ఇది తప్పడం లేదు. స్టేషనుకు రప్పించి వరసగా నిలబెట్టడం, ఆదివారం కౌన్సెలింగు, రాత్రిపూట తలుపు కొట్టి మనిషి ఇంట్లో ఉన్నాడో లేడో చూసుకుని పోవడం మామూలైపోయింది. కొట్లాటలకు దిగేది ఎవరో ముందే తెలిసినప్పుడు కన్నేసి ఉంచకపోతే, తలకాయలు పగిలాక చేసేదేముంటుందని పోలీసులంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ కన్నేసి ఉంచే అధికారం వాళ్లకు ఏ చట్టం ఇచ్చింది? ఈ ప్రశ్నను సుప్రీంకోర్టులో కూర్చుని సూటిగా వేసినాయన రాజమండ్రిలో పుట్టి, అక్కడే చదువుకున్నవాడు.

కోకా సుబ్బారావు పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది 1967 ఫిబ్రవరి 27 నాటి గోలక్‌నాథ్ తీర్పు. పదకొండు మంది న్యాయమూర్తుల్లో ఆరుగురు ఒకవైపు, అయిదుగురు మరోవైపు; ప్రాథమిక హక్కుల మీద పార్లమెంటు చెయ్యి వెయ్యకూడదన్న తీర్పు అది. భూపరిమితి చట్టాల రోజుల్లో వచ్చింది కాబట్టి డెల్టాలో ఆయన భూస్వాముల పక్షం జడ్జిగానే కొందరి నోళ్లలో నిలిచిపోయాడు. ఆ తర్వాత గోలక్‌నాథ్ తీర్పును పక్కన పెట్టిన కేశవానంద భారతి కేసు, ఆస్తిని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసిన 44వ సవరణ ఎలా నడిచాయో పత్రికలు చదివే వాళ్లందరికీ తెలుసు. ప్రభుత్వానికి హద్దు ఎక్కడ గియ్యాలన్న విషయంలో ఆయన ఆలోచన సారం నా లెక్కలో గోలక్‌నాథ్‌లో కంటే, అంతకు నాలుగేళ్ల ముందు ఓడిపోయిన పక్షాన రాసిన తీర్పులో ఎక్కువుంది. అది ఎకరం భూమి లేనివాడి గుమ్మానికి కూడా సంబంధించిన తీర్పు.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్‌సింగ్ అనే మనిషిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేశారు. కోర్టు శిక్ష వెయ్యలేదు, అసలు విచారణ దాకానే పోలేదు. అయినా పోలీసులు అతని మీద హిస్టరీ షీట్, అంటే నిఘా పెట్టినవాడి వివరాలు ఎక్కించే రికార్డు, తెరిచారు. అక్కడి పోలీసు నిబంధనల్లో 236వది నిఘా అంటే ఏమిటో ఆరు ముక్కల్లో చెబుతుంది: ఇంటి దగ్గరా, ఇంటికి వచ్చే దారుల్లోనూ రహస్యంగా కాపు కాయడం, రాత్రిళ్లు ఇంటికి వెళ్లి చూడటం, ఎస్సైకి తగ్గని అధికారి అప్పుడప్పుడూ అతని అలవాట్లు, స్నేహాలు, రాబడి, ఖర్చు ఆరా తియ్యడం, ఊరు విడిచి వెళ్తే కానిస్టేబులో చౌకీదారో కబురు పెట్టడం, వెళ్లిన చోట చీటీ పంపి సరిచూడటం, ఇదంతా షీటులో ఎక్కించడం. అతను పొరుగూరు వెళ్తే ఆ ఊరి పోలీసులకు కబురు ముందే చేరేది. రాత్రి తలుపు బాది లేపేవాళ్లు.

కేసు ఆరుగురు న్యాయమూర్తుల ముందుకొచ్చింది. 1962 డిసెంబరు 18న తీర్పు చెప్పారు. నలుగురి తరఫున రాజగోపాల అయ్యంగార్ రాశారు. రాత్రి ఇంట్లో చొరబడటం తప్పని కొట్టేశారు, మిగతా అయిదూ ఉంచేశారు. కారణం ఏమిటంటే, ఏకాంతానికి రాజ్యాంగం హామీ ఇవ్వలేదట. ఎవరో దూరం నుంచి చూస్తున్నంత మాత్రాన మనిషి కదలికకు అడ్డేమీ లేదట.

ఇక్కడే సుబ్బారావు విడిపోయారు. మరో న్యాయమూర్తి జె.సి. షా ఆయనతో నిలిచారు. ఆయన వాదన రెండు మెట్లుగా నడుస్తుంది, రెండూ ఈ రోజు స్టేషన్లలో జరిగే దానికి అతుకుతాయి.

మొదటిది, అడ్డంకి అంటే దారికి అడ్డంగా గోడ కట్టడమే కాదు. పోలీసు కళ్లు వెంటాడుతుండగా తిరిగేవాడిది స్వేచ్ఛగా తిరగడం కాదు, అలాంటివాడికి దేశమంతా జైలేనని ఆయన రాశారు. ఎవరింటికి వెళ్తే వాళ్ల పేరు కూడా షీటులో పడుతుందని తెలిసినప్పుడు మనిషి మాట్లాడేది తగ్గుతుంది, కలిసేవాళ్లు తగ్గుతారు. కాబట్టి రాత్రి తలుపు కొట్టడాన్ని వేరుచేసి కొట్టేస్తే సరిపోదు. ఆరు ముక్కలూ ఒకే యంత్రం భాగాలు. ఏకాంతం అన్న మాట రాజ్యాంగంలో లేకపోవచ్చు, కానీ 21వ అధికరణం చెప్పే వ్యక్తిగత స్వేచ్ఛలో అది అంతర్భాగమని తేల్చారు.

రెండోది ఇంకా గట్టిది. 21వ అధికరణం ప్రకారం స్వేచ్ఛను తగ్గించాలంటే చట్టం ఉండాలి. పోలీసు నిబంధనలు చట్టసభ చేసినవి కావు, ఏ చట్టం కిందా చేసినవీ కావు. శాఖ తన సిబ్బందికి తాను రాసుకున్న సూచనలు. ప్రభుత్వం కూడా కోర్టులో అది కాదనలేకపోయింది. చట్టమే లేనప్పుడు నిఘా సబబా కాదా అన్న చర్చే అనవసరం. పైవాడి ఆర్డరు కిందివాడికి డ్యూటీ అవుతుందేమో గాని, పౌరుడి తలుపు కొట్టడానికి అధికారం కాదు. మెజారిటీ వారు రాత్రి చొరబాటును కొట్టేసింది కూడా వెనక చట్టం లేదన్న కారణంతోనే. అదే కారణం మిగతా అయిదింటికి ఎందుకు వర్తించదో వాళ్ల తీర్పులో నమ్మించే జవాబు కనిపించదు.

ఇదే ప్రశ్న నాలుగేళ్ల తర్వాత ఆయన మెజారిటీగా మారి వేసినప్పుడు ఏం జరిగిందో చూడాలి. అప్పట్లో పాస్‌పోర్టు ఇవ్వడం, లాక్కోవడం పూర్తిగా అధికారుల ఇష్టం. 1967 ఏప్రిల్ 10న సత్వంత్‌సింగ్ సాహ్నీ కేసులో ముగ్గురు ఇద్దరి తేడాతో, విదేశానికి వెళ్లడం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని ఆపకూడదని తీర్పు వచ్చింది. మర్నాడే సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డారు, జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. కానీ తీర్పు పని చేసింది. మేలో ఆర్డినెన్సు, జూన్ 24న పాస్‌పోర్టుల చట్టం వచ్చాయి. ఏ కారణాల మీద నిరాకరించవచ్చో, ఎవరికి అప్పీలు చేసుకోవచ్చో అన్నీ అందులో ఉన్నాయి. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి కువైట్‌కో మస్కట్‌కో వెళ్లే ప్రతి మనిషీ నేడు ఆ చట్టం మీద నిలబడే వెళ్తున్నాడు. కోర్టు చట్టం చూపించమంటే మూడు నెలల్లో చట్టం వచ్చింది. 1962లో మరో ఇద్దరు సుబ్బారావు పక్కన చేరి ఉంటే నిఘా విషయం కూడా చట్టసభ మెట్లెక్కి ఉండేదని నా నమ్మకం. చేరలేదు కాబట్టి రౌడీషీటు ఇంకా శాఖ పుస్తకంలోనే ఉంది.

మన రాష్ట్రంలో ఆ పుస్తకం పేరు పోలీస్ స్టాండింగ్ ఆర్డర్స్. 601వ ఆర్డరు ఎవరి మీద రౌడీషీటు తెరవొచ్చో చెబుతుంది. శాంతికి భంగం కలిగించే నేరాలు అలవాటుగా చేసేవాళ్లు, ఆడపిల్లల్ని అలవాటుగా వేధించేవాళ్లు, కొన్ని సెక్షన్ల కింద బైండోవర్ అయినవాళ్లు, అంటే బుద్ధిగా ఉంటామని అధికారి ముందు పూచీకత్తు రాసిచ్చినవాళ్లు, అందులో ఉన్నారు. ఎస్సై తనంత తాను తెరవకూడదు, ఎస్పీ లేదా సబ్‌డివిజన్ అధికారి ఉత్తర్వు ఉండాలి. 602వ ఆర్డరు ప్రకారం షీటు డిసెంబరు ఆఖరు వరకే. తర్వాత కొనసాగించాలంటే పై అధికారి మళ్లీ చూసి ఉత్తర్వివ్వాలి.

అలవాటుగా అన్న మాట దగ్గరే పని చెడుతోంది. ఒక్క కేసుతో అలవాటు కాదని హైకోర్టు మళ్లీమళ్లీ చెప్పినా ఒకే గొడవలో ఒకే కేసున్నవాడి మీద షీటు తెరుస్తారు. ఆ కేసు కొట్టేసినా, తీర్పు కాపీ షీటులోకి చేరదు. ఏడాది చివర కొనసాగింపు ఒక్కొక్కరిని చూసి ఇవ్వాల్సింది పోయి పేర్ల జాబితా మీద ఒకే సంతకంతో అయిపోతుంది.

డెల్టాకు ప్రత్యేకమైన తంటా బైండోవర్. పందేలకు ముందు బరుల నిర్వాహకుల్ని, కత్తులు కట్టేవాళ్లని తహశీల్దారు ముందు నిలబెట్టి పూచీకత్తు రాయిస్తారు. పాత 107 సెక్షను ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 126. దీనికి క్రమం ఉంది. సమాచారం ఏమిటో, పూచీ మొత్తమెంతో, ఎంత కాలానికో రాతపూర్వకంగా 130 కింద ఉత్తర్వివ్వాలి. 135 కింద విచారణ మొదలుపెట్టి ఆరు నెలల్లో ముగించాలి. శాంతి పూచీ ఏడాదికి మించకూడదు. విచారణ మొదలయ్యాకే మధ్యంతర పూచీ అడగాలని మధు లిమయే కేసులో 1970లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అచ్చు కాగితం మీద ఆ రోజే సంతకం పెట్టించుకుని పంపేస్తే విచారణ జరిగినట్టు కాదు. ఆ కాగితాన్నే ఆధారం చేసుకుని షీటు తెరిస్తే, పునాదే లేని షీటు అది. సంతకం పెట్టేవాడు 130 ఉత్తర్వు కాపీ అడిగి తీసుకోవాలి. అది లేకుండా తర్వాత కోర్టులో చూపించడానికి ఏమీ మిగలదు.

సుబ్బారావు మాట చివరికి గెలిచింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఏకాంతం ప్రాథమిక హక్కన్నారు, ఖరక్‌సింగ్ కేసులో మెజారిటీ చెప్పిన ఆ భాగాన్ని తోసేశారు. దేశ న్యాయచరిత్రలో మూడు గొప్ప భిన్నాభిప్రాయాల్లో సుబ్బారావుది ఒకటని ఆ తొమ్మిది మందిలో ఒకరైన నారిమన్ రాశారు. ఏకాంతంలో జోక్యానికి మొదటి షరతు చట్టం ఉండటమేనని ఆ తీర్పులో ఉంది. దాన్ని పట్టుకునే 2022 జూలైలో మన హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం స్టాండింగ్ ఆర్డర్లకు చట్టబలం లేదంది. ఏకసభ్య తీర్పు అంతిమం కాదు, దాని మీద అప్పీలుకు దారి ఉంటుంది. 2024 మేలో సుప్రీంకోర్టు, వెనకబడిన కులాల, దళిత, గిరిజన వర్గాల అమాయకుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లలో ఎక్కించే పద్ధతిని అన్ని రాష్ట్రాలూ సమీక్షించుకోవాలని చెప్పింది.

పోలీసులకు నిఘా కావాలంటే అసెంబ్లీలో బిల్లు పెట్టుకోవచ్చు. ఎవరి మీద, ఎన్నాళ్లు, ఎవరు సమీక్షించాలి, ఎవరికి అప్పీలు అన్నవి అందులో రాయొచ్చు. పాస్‌పోర్టులకు అదే చేశారు కదా.

ఆలోగా షీటున్నవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. తెరిచిన ఉత్తర్వు, చివరి కొనసాగింపు ఉత్తర్వు కాపీలు సమాచార హక్కు కింద ఎస్పీ కార్యాలయాన్ని అడగొచ్చు, గడువు ముప్ఫై రోజులు. దర్యాప్తుకు ఆటంకమని నిరాకరిస్తే, పెండింగు కేసు ఏదో చెప్పమని మొదటి అప్పీలులో నిలదీయాలి. కొట్టేసిన కేసుల తీర్పుల సర్టిఫైడ్ కాపీలు జత చేసి షీటు మూసేయమని ఎస్పీకి అర్జీ పెట్టి రసీదు తీసుకోవాలి. హైకోర్టులో రిట్ పిటిషన్ వేసేటప్పుడు మొదట చూపాల్సింది ఆ రసీదే. గల్ఫ్ వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: పాస్‌పోర్టుల చట్టం 6(2) కింద నిరాకరణకు కోర్టులో నడుస్తున్న క్రిమినల్ కేసు ఒక కారణం, రౌడీషీటు కారణం కాదు. ఉత్త ఎఫ్ఐఆర్ కూడా కోర్టు విచారణకు స్వీకరించే దాకా ఆ లెక్కలోకి రాదు. షీటు మూసేయమనే అర్జీ మాత్రం డిసెంబరు రాకముందే ఎస్పీ బల్ల మీద ఉండాలి, కొనసాగింపు జాబితాలు కదిలేది అప్పుడే.