‘జీన్స్ మార్చేస్తారట కదా, మేడమ్?’: కార్-టీ థెరపీపై అపోహలు, వాస్తవాలు

పోయిన ఏడాది ఒక తల్లి తన పంతొమ్మిదేళ్ల కూతుర్ని మా అఫెరెసిస్ గదికి, అంటే రక్తంలోంచి కణాలను మెషిన్‌తో వేరుచేసి తీసే చోటికి, తీసుకొచ్చింది. బి-సెల్ లుకేమియా అనే రక్త క్యాన్సర్, కీమో అయ్యాక తిరగబెట్టింది. కార్-టీకి వెళ్లమని వాళ్ల డాక్టరు మూడు నెలల కిందటే చెప్పారు. అంటే రోగి రక్తంలో జబ్బులతో పోరాడే టీ-కణాలను బయటికి తీసి, క్యాన్సర్‌ను పట్టుకునేలా జీన్ మార్చి, తిరిగి ఎక్కించే వైద్యం. ఎందుకు ఆగారమ్మా అంటే, గొంతు తగ్గించి చెప్పింది: "జీన్స్ మార్చేస్తారట కదా, మేడమ్. రేపు పెళ్లి చేయాల్సిన పిల్ల. పుట్టే పిల్లలకు కూడా అది పోతుందని మా వాళ్లు వాట్సాప్‌లో పెట్టారు."

ఈ మాట వినని నెల నాకు లేదు. ఆ తల్లి మీద కోపం రాలేదు. కూతురి రేపటి గురించి భయపడకుండా ఏ తల్లి ఉంటుంది? కోపమల్లా ఆ మెసేజ్‌లు పంపేవాళ్ల మీదే. ఆ మూడు నెలల్లో జబ్బు పెరిగింది, దాన్ని అణచడానికి మళ్లీ కీమో ఇచ్చారు, టీ-కణాలు ఉండే లింఫోసైట్లు (ఒక రకం తెల్లరక్త కణాలు) బాగా పడిపోయాయి. మొదటి రోజు తీసిన కణాలు చాలక, రెండో రోజు కూడా ఆ పిల్ల గంటల తరబడి మెషిన్ పక్కన పడుకోవాల్సి వచ్చింది. మందు తయారయ్యేది రోగి టీ-కణాలతోనే. అవి నీరసించాక వస్తే మేం మాత్రం ఏం చేయగలం?

జీన్ మార్పు పిల్లలకు పోదు. మార్చేది రక్తంలోంచి తీసిన టీ-కణాలను మాత్రమే, అదీ శరీరం బయట, ల్యాబ్‌లో. పిల్లలు పుట్టేది అండం, వీర్యకణం నుంచి. వాటి జోలికి మేం పోం. పిల్లల గురించే దిగులైతే కీమో గురించి అడగండి. కార్-టీ ఎక్కించే ముందు సాధారణంగా మూడు రోజులు ఇచ్చే ఫ్లుడారాబిన్, సైక్లోఫాస్ఫమైడ్ కూడా కీమో మందులే, వాటివల్ల సంతానం కలిగే అవకాశం తగ్గొచ్చు. అండాలో వీర్యమో ముందే ఫ్రీజ్ చేయించుకోవచ్చా అన్నది మొదటి కీమోకి ముందే అడగాల్సిన మాట.

"మరి ఆ జీన్ వల్లే ఇంకో క్యాన్సర్ వస్తే?" ఇది పుకారు కాదు, అడగాల్సిన ప్రశ్నే. 1999లో పారిస్‌లో, పుట్టుకతో రోగనిరోధక శక్తి లేని పసిపిల్లలకు జీన్ థెరపీ మొదలుపెట్టారు. చాలామంది కోలుకున్నారు. కొన్నేళ్లకు వాళ్లలో కొందరికి లుకేమియా వచ్చింది. జీన్‌ను మోసుకెళ్లిన వైరస్, ఎల్ఎంఓ2 అనే జన్యువు పక్కన చేరి దాన్ని రెచ్చగొట్టింది. ఆ దెబ్బ తిన్నాక, పక్క జన్యువులను రెచ్చగొట్టే భాగాన్ని తీసేసిన వైరస్‌లు వాడుకలోకి వచ్చాయి. అమెరికాలో 2023 చివరికి 27,000కు పైగా కార్-టీ డోసులు ఇస్తే, తర్వాత టీ-సెల్ క్యాన్సర్ వచ్చినట్టు తెలిసినవి 22. వాటన్నిటికీ కార్-టీయే కారణమని తేలలేదు, అయినా 2024లో లేబుల్ మీద హెచ్చరిక పెట్టించారు. మేమూ ప్రతి రోగికీ చెబుతాం. కానీ తిరగబెట్టిన లుకేమియాను మూడు నెలలు వదిలేస్తే ఏమవుతుందో కూడా పక్కనే పెట్టి చూడండి.

నిజానికి ఈ వైద్యం మరింత సురక్షితం అవుతున్నది కూడా జీన్ మార్పులతోనే. తొలి కార్-టీల్లో క్యాన్సర్ కణాన్ని పట్టుకునే ముక్క ఎలుక యాంటీబాడీది, దాన్ని మన ఒళ్లు పరాయిదిగా చూడొచ్చు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో వచ్చి 2023 అక్టోబరులో అనుమతి పొందిన మన నెక్స్‌కార్19లో ఆ ముక్కను మనిషి యాంటీబాడీకి దగ్గరగా మలిచారు. ఇక ‘సూసైడ్ స్విచ్’ అని ఒకటుంది. కణంలో ముందే ఒక జీన్ అమర్చి పెడతారు, కణాలు హద్దు మీరితే ఒక మందు ఇస్తారు. 2011లో ప్రచురించిన ట్రయల్‌లో, దాత ఇచ్చిన టీ-కణాలకు ఈ స్విచ్ పెడితే, మందు ఎక్కించిన అరగంటలో 90 శాతానికి పైగా చచ్చిపోయాయి. ఇది ఇంకా అన్ని కార్-టీల్లోకీ రాలేదు, రావాలని నా కోరిక.

అసలు టెన్షన్ పడాల్సింది ఎక్కించాక, ఆ కణాల దాడికి ఒళ్లు అతిగా స్పందించి వచ్చే జ్వరం గురించి. 2012లో ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాప కార్-టీ ఎక్కించాక దాదాపు చావు అంచుదాకా వెళ్లి, ఆ అతి స్పందనను అణచే టోసిలిజుమాబ్‌తో బయటపడింది. ఇప్పుడు ఆ మందు సిద్ధంగా పెట్టుకునే మొదలుపెడతాం. మెదడు మీద ప్రభావం కనిపెట్టడానికి రోగి చేత రోజూ ఒక వాక్యం రాయిస్తారు. మొదట చెప్పిన ఆ పంతొమ్మిదేళ్ల అమ్మాయి రోజూ "అమ్మ చేసిన పప్పుచారు కావాలి" అని రాసేది. ఐదో రోజు అక్షరాలు వంకర్లు పోయాయి, వెంటనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. రెండు రోజులకు మళ్లీ గుండ్రంగా రాసింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మోకాళ్లకూ ఆటిజానికీ అమ్మే స్టెమ్ సెల్ ఇంజెక్షన్లకూ దీనికీ సంబంధం లేదు, వాటికి డబ్బు తగలేయకండి. అన్ని క్యాన్సర్లకూ కార్-టీ లేదు. ఇప్పటికి ప్రధానంగా కొన్ని లుకేమియాలు, లింఫోమాలు, మైలోమాకే. అందరికీ తగ్గదు, తగ్గినవాళ్లలోనూ కొందరికి తిరగబెడుతుంది.

"హెచ్ఐవీ ఎక్కిస్తారట" అనేది ఇంకొకటి. జీన్‌ను టీ-కణంలోకి చేర్చడానికి వాడే లెంటివైరస్ హెచ్ఐవీ నుంచి తయారుచేసిందే, కానీ జబ్బు చేసే జన్యువులు తీసేశారు. అది ఒంట్లో పెరగలేదు, హెచ్ఐవీ రాదు. కాకపోతే తర్వాత ఎప్పుడైనా కొన్ని రకాల హెచ్ఐవీ పరీక్షలు తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు. అందుకే కార్-టీ తీసుకున్నట్టు చెప్పే కార్డు ఎప్పుడూ పర్సులోనే ఉంచుకోండి. ఏ ల్యాబ్‌కి వెళ్లినా ముందు అదే చూపించండి.