ఆకాశానికి గన్ పెడితే ఎంత చూపిస్తుంది?

మే నెలలో విజయవాడ గురించి ఎవరు మాట్లాడినా మధ్యాహ్నం గురించే. ఇవాళ 43 అట, రేపు 45 దాటుతుందట. బెజవాడని బ్లేజ్‌వాడ అని వెక్కిరించిందీ ఆ ఎండ చూసే. నాకు మాత్రం మధ్యాహ్నంతో పెద్ద పేచీ లేదు, ఎక్కడో ఒకచోట నీడ దొరుకుతుంది. నన్ను వేయించుకు తినేది రాత్రి. తొమ్మిదింటికి మేడ మీద రెండు బకెట్ల నీళ్ళు చల్లి చాప వేస్తే, పావుగంటలో స్లాబు ఆరిపోయి కింద నుంచి సెగ మొదలవుతుంది. పైన మబ్బు కూడా పట్టిందా, ఇక నిద్ర మాట మర్చిపోవడమే.

మా బామ్మర్ది ఏసీ మెకానిక్. అతని సంచిలో వేడి కొలిచే గన్ ఒకటి ఉంటుంది. కరోనా రోజుల్లో షాపుల గుమ్మం దగ్గర నుదుటికి పెట్టేవాళ్ళే, అలాంటిదే. కాకపోతే ఇది మైనస్ డిగ్రీలు కూడా చూపించే రకం. ఒక మే రాత్రి అతను భోజనానికి వస్తే, ఆ గన్ పట్టుకుని మేడెక్కాను. స్లాబు 40. పిట్టగోడ 38. నా అరచెయ్యి 34. తర్వాత నెత్తి మీద ఉన్న మబ్బుకి పెట్టాను.

"బావా, అది ఏసీ గ్రిల్‌కి పెట్టేది, మబ్బులకి కాదు" అన్నాడు.

21 చూపించింది. గంట తర్వాత మబ్బు విడిపోయి చుక్కలు కనిపిస్తే మళ్ళీ పెట్టాను. 9. ఆ తర్వాత సంక్రాంతికి, ఆకాశం తేటగా ఉన్న ఒక రాత్రి పెడితే మైనస్ 6. ఆ రాత్రి దుప్పటి కప్పుకుని పడుకున్నాం. తెల్లారేసరికి పిట్టగోడ మీద మంచు తడి.

గన్ దేన్నీ ముట్టుకోదు. చల్లటిదైనా వేడిదైనా ప్రతి వస్తువూ ఏదో ఒక కాంతిని వదులుతూనే ఉంటుంది, ఆ కాంతిని బట్టి ఇది లెక్క కడుతుంది. సూర్యుడి ఉపరితలం దాదాపు 5500 డిగ్రీలు, కాబట్టి అక్కడి నుంచి వచ్చే కాంతిలో చాలా భాగం మన కంటికి కనిపిస్తుంది. 40 డిగ్రీల స్లాబు వదిలేది కంటికి కనిపించని పరారుణ కాంతి. పొయ్యి ఆర్పేశాక కూడా దగ్గర నిలబడితే ముఖానికి తగిలే సెగలో చాలా వరకు అదే. పగలంతా ఎండని మింగిన నేల, రాత్రంతా ఈ రూపంలో వేడిని పైకి వదులుతుంది. రాత్రిపూట నేలకి చల్లబడే దారి ప్రధానంగా ఇదే. అంతరిక్షంలో గాలి లేదు కదా, భూమి మొత్తం తన వేడిని బయటికి పంపాలంటే ఇది తప్ప ఇంకో దారి లేదు.

మరి ఆకాశానికి పెట్టినప్పుడు ఆ 9 ఎక్కడిది? చుక్కల మధ్య ఉన్న శూన్యం మైనస్ 270. అదొక్కటే పైన ఉంటే గన్ చేతులెత్తేసేది. 9 వచ్చిందంటే, మధ్యలో ఉన్న గాలి కూడా వేడిని వదులుతోందనీ, అందులో కొంత కిందకి, మా మేడ మీదకి వస్తోందనీ అర్థం. అదేమీ చిన్న మొత్తం కాదు. పగలూ రాత్రీ, అన్ని ఋతువులూ కలిపి ప్రపంచం సగటు తీస్తే, నేల, సముద్రం ఇంకించుకునే ఎండ చదరపు మీటరుకి 160 వాట్లు. ఆకాశం నుంచి దిగి వచ్చే ఈ కనిపించని వేడి 340 వాట్ల దాకా. సూర్యుడికంటే ఆకాశమే మనకి రెండింతలు ఇస్తోంది! మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. ఆకాశం ఇచ్చేది తన సొంతం కాదు, నేల నుంచి వెళ్ళిందాన్నే కొంత తిప్పి పంపుతోంది. అందుకే ఆ అంకె అంత పెద్దది.

ఇలా తిప్పి పంపడమే గ్రీన్‌హౌస్ ప్రభావం. ఇది లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 ఉండేదని లెక్క. ఇప్పుడు 15 దగ్గర ఉంది. కాబట్టి ఈ ప్రభావం ఉండటం తప్పు కాదు, అది ఉంది కాబట్టే కృష్ణలో నీళ్ళు గడ్డకట్టకుండా పారుతున్నాయి. గాలి లేని చందమామ మీద పగలు 120 డిగ్రీలు, రాత్రి మైనస్ 130కి కింద. అక్కడ రాత్రి అంటే రెండు వారాలు, ఆ తేడా కూడా కలుపుకోవాలనుకోండి.

గాలిలో 99 శాతం నైట్రోజన్, ఆక్సిజన్. విచిత్రం ఏమిటంటే ఈ రెండూ పరారుణ కాంతిని పట్టించుకోవు. ఒకే రకం పరమాణువుల జంటలు కావడంతో వాటి ఊగులాట ఆ కాంతికి దొరకదు. మూడు పరమాణువుల కార్బన్ డయాక్సైడ్ అలా కాదు. అటూ ఇటూ వంగుతుంది, సాగుతుంది. ఉయ్యాలని దాని ఊపుకి సరిపోయేలా తోస్తే ఎలా అందుకుంటుందో, తన లయకి సరిపోయే కాంతి తగిలితే ఇదీ అలా అందుకుంటుంది. నీటి ఆవిరి, మీథేన్ కూడా అంతే.

1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ రెండు గాజు గొట్టాల్లో థర్మామీటర్లు పెట్టి ఎండలో ఉంచింది. కార్బన్ డయాక్సైడ్ నింపిన గొట్టం ఎక్కువ వేడెక్కింది, పక్కకి తీసి పెట్టాక చల్లారడానికి కూడా చాలా ఎక్కువసేపు పట్టింది. ఈ వాయువు ఎక్కువగా ఉంటే భూమి కూడా వేడెక్కుతుందని ఆమె అప్పుడే రాసింది. 1859లో జాన్ టిండాల్ ఎండతో కాకుండా వేడి వస్తువుల సెగతోనే పరీక్షించి, అడ్డుకునేది నైట్రోజన్, ఆక్సిజన్ కాదనీ, ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ లాంటివనీ తేల్చాడు. టిండాల్ పేరు పుస్తకాలకెక్కింది. ఫుట్‌ని నూటయాభై ఏళ్ళు దాదాపు అందరూ మర్చిపోయారు.

"గాలిలో కార్బన్ డయాక్సైడ్ అంతా కలిపి పదివేలకి నాలుగు అణువులు. అవేం చేస్తాయి?" అని చదువుకున్నవాళ్ళు కూడా అడుగుతారు. తెల్ల పంచెలు ఉతికే బకెట్లో నీలిమందు ఎన్ని చుక్కలు వేస్తాం? మిగతా నీళ్ళన్నీ కాంతికి అడ్డుపడవు కాబట్టే ఆ చుక్కలు బకెట్ మొత్తానికి రంగు తెస్తాయి.

పారిశ్రామిక విప్లవానికి ముందు పది లక్షల అణువులకి 280 కార్బన్ డయాక్సైడ్‌వి ఉండేవి. 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ కొలవడం మొదలుపెట్టేసరికి 315. ఇప్పుడు 420 దాటింది. పెరిగింది ఎక్కడ నుంచో మన బండితోనే లెక్క కట్టొచ్చు. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. అది మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ 2.3 కిలోలు. ముప్పావు కిలో మూడింతలు ఎలా అయింది? పెట్రోలులోని ఒక్కో కార్బన్‌కీ గాలిలో నుంచి రెండు ఆక్సిజన్లు వచ్చి అతుక్కున్నాయి, బరువులో ఎక్కువ భాగం వాటిదే. ఆ వాయువునంతా పట్టి ఉంచాలంటే మేడ మీదుండే వెయ్యి లీటర్ల వాటర్ ట్యాంకు చాలదు, పైన ఇంకో మూడొందల లీటర్లు కావాలి. బెంజి సర్కిల్ నుంచి గుంటూరు వెళ్ళొస్తే నా స్కూటర్ లీటరున్నర దాకా తాగుతుంది. అంటే దాదాపు రెండు ట్యాంకులు.

ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు మా వైపు నుంచి కూడా కనిపిస్తాయి. అక్కడ మండే బొగ్గు ఇరవై ఐదు కోట్ల ఏళ్ళకి పైగా భూమిలో పూడిపోయి ఉన్న చెట్లు. పొలంలో ఎండు మిరపకట్టె కాల్చినా కార్బన్ డయాక్సైడే వస్తుంది, కానీ అది పోయినేడు మొక్క గాలి నుంచి తీసుకున్నదే, తిరిగి ఇచ్చేసింది. బొగ్గుది అలా కాదు, ఎప్పుడో మూసేసిన ఖాతా తెరిచి ఖర్చు చేస్తున్నాం. అలా వదిలిన దాంట్లో సగం వరకు చెట్లు, సముద్రాలు లాక్కుంటాయి. మిగతాది పైనే ఉండిపోతుంది.

డెల్టా వాటా కూడా ఉంది. నీళ్ళు నిలబెట్టిన వరి మడిలో కాలు పెడితే బుడబుడమని లేచే బుడగల్లో మీథేన్ ఉంటుంది. గాలి అందని బురదలో సూక్ష్మజీవులు చేసే పని అది. మీథేన్ సగటున పన్నెండేళ్ళలో పోతుంది కానీ, ఉన్నంతసేపు దెబ్బ గట్టిది. ఆరుతడి పద్ధతిలో మడిని మధ్యమధ్యలో ఆరబెడితే బాగా తగ్గుతుంది.

నా గన్ గురించి ఒక నిజం చెప్పాలి. అది చూసే తరంగాల్లో కార్బన్ డయాక్సైడ్ వాటా చాలా తక్కువ. మే నెల 9కీ సంక్రాంతి మైనస్ 6కీ తేడా ముఖ్యంగా ఆవిరి వల్లా, గాలి వేడి వల్లా. అసలు గ్రీన్‌హౌస్ వాయువుల్లో పెద్దది ఆవిరే. కానీ అది ఎక్కువైతే వానై పడిపోతుంది, దానంతట అది పెరగలేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే 7 శాతం దాకా ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. కార్బన్ డయాక్సైడ్ మొదలుపెట్టిన పనిని ఆవిరి పెద్దది చేస్తుందన్నమాట.

బ్లేజ్‌వాడ ఎండనంతా కార్బన్ డయాక్సైడ్ ఖాతాలో వేయడం కూడా సరికాదు. కొండల రాళ్ళు, పడమటి నుంచి వచ్చే పొడిగాలి, ఇప్పుడు ఎటు చూసినా కాంక్రీటు, వీటి వాటా వీటిదే.

ఇంకో రాత్రి మేడ మీద ఇదంతా చెప్తుంటే మా బామ్మర్ది ఒక్క ముక్కలో తేల్చేశాడు. "అవుట్‌డోర్ చోక్ అయినట్టు." అంతే. అవుట్‌డోర్ యూనిట్‌కి దుమ్ము పడితే లోపలి వేడి బయటికి పోదు, గది చల్లబడదు.

"మరి సూర్యుడే ఎక్కువ మండుతున్నాడేమో, ఎలా చెప్తారు?" అన్నాడు వెంటనే. మెకానిక్ అడగాల్సిన ప్రశ్నే. సూర్యుడిదే తప్పైతే గాలి పై నుంచి కింద దాకా అన్ని పొరలూ వేడెక్కాలి. 1979 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. కింది పొర వేడెక్కుతోంది. దాని పైన, యాభై కిలోమీటర్ల ఎత్తు దాకా ఉండే స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది.

అతను గన్ తీసుకుని ఇంకోసారి ఆకాశానికి పెట్టాడు. ఈలోగా మబ్బు మళ్ళీ కమ్మింది. 20.