నాలుగు స్వరాల మీద రెండు దుఃఖాలు

'లా కుంపర్సీతా' అనే టాంగో (దక్షిణ అమెరికాలో పుట్టిన జంట నృత్య సంగీతం) ఎవరిదన్న పేచీ లేచినప్పుడల్లా ముందు కనబడేవి రెండు జెండాలు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో అర్జెంటీనా జట్టు ఈ టాంగోకు అడుగులేసింది, ఉరుగ్వే నిరసన తెలిపింది. అప్పటికే ఉరుగ్వే దీన్ని చట్టం చేసి మరీ తమ సాంస్కృతిక గీతంగా ప్రకటించుకుంది. బాణీ ఉరుగ్వే రాజధాని మోంటెవీడియోదే, ఆ ముక్క మీద తగాదా లేదు. చిక్కంతా పాటలోని మాటలతో వచ్చింది. అవి పుట్టింది 1924లో, అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో.

హెరార్దో మాతోస్ రోద్రీగెస్ అనే మోంటెవీడియో కుర్రవాడు దీన్ని విద్యార్థుల కార్నివాల్ బృందం కోసం కవాతు పాటగా కట్టాడు. పేరుకు అర్థం కూడా చిన్న కార్నివాల్ ఊరేగింపనే. వాద్యబృంద నాయకుడు రొబెర్తో ఫిర్పో దాన్ని టాంగోగా దిద్ది వాయించాడు. మాతోస్ హక్కులు ప్రచురణకర్తకు అమ్మేసుకున్నాడు. కొన్నేళ్లకు జనం దాన్ని దాదాపు మరిచిపోయారు.

పాటల రచయిత పాస్కువాల్ కొంతూర్సికి అప్పటికే ఒక పద్ధతి చేతిలో ఉంది: మాటల్లేని టాంగో తీసుకుని, ఆ బాణీలోకి వదిలేయబడిన మగవాడి గొంతు దించడం. సామ్యుయెల్ కాస్ట్రియోతా స్వరపరిచిన 'లీతా'కు అలాగే మాటలు కట్టాడు. 1917లో పేరుమోసిన టాంగో గాయకుడు కార్లోస్ గార్దెల్ పాడాక అది 'మి నోచే త్రిస్తే' (నా దుఃఖ రాత్రి)గా స్థిరపడింది. అంతకుముందు టాంగో పాటల్లో గొప్పలు, సరసాలే ఎక్కువ. ఇందులో వెళ్లిపోయిన ఆమె కంటే గదిలోని సామాన్లే ఎక్కువ మాట్లాడతాయి: అల్మరాలో వేలాడే గిటారు, ఏడ్చినట్టు మసకబారిన అద్దం, ఆమె తిరిగొస్తుందేమోనని రాత్రి మూయని తలుపు. తర్వాతి విరహ టాంగోలన్నీ ఈ గదిలోంచి వచ్చినవే అంటే పెద్ద అతిశయోక్తి కాదు.

1924లో మరో రచయిత ఎన్రీకే మరోనితో కలిసి కొంతూర్సి 'లా కుంపర్సీతా'కూ అదే చేశాడు, ఒక నాటకం కోసం. మొదటి నాలుగు స్వరాల మీద నాలుగు అక్షరాలు సరిగ్గా కూర్చున్నాయి: సి-సు-పియె-రాస్, స్పానిష్‌లో 'నీకు తెలిస్తేనా' అని. ఆమె లేదని తిండి మానేసిన కుక్కపిల్ల కూడా అతణ్ణి ఒంటరిగా చూసి వెళ్లిపోయిందన్న చరణం జనానికి పట్టేసింది. గార్దెల్ అదే ఏడాది రికార్డు చేశాడు. తప్పల్లా ఒకటే, బాణీకర్తను అడగలేదు. పైగా పేరూ 'సి సుపియెరాస్' అని మార్చేశారు.

పారిస్‌లో ఉన్న మాతోస్‌కు ఈ సంగతి టాంగో వాద్యబృంద నాయకుడు ఫ్రాన్సిస్కో కనారో చెబితేగానీ తెలియలేదు. మాతోస్ కోర్టుకెక్కాడు, తన సాహిత్యం తానూ రాశాడు: ముసలి తల్లిని వదిలి ప్రియురాలి వెంట పరుగెత్తి, చివరికి దిగులుతో చావుకు దగ్గరైనవాడి చుట్టూ కష్టాల ఊరేగింపు. పేరులోని ఊరేగింపును అది నిలబెట్టింది. 'లా-కుం-పర్-సా' (ఊరేగింపు) కూడా ఆ నాలుగు స్వరాలకు అతుకుతుంది. కానీ అందులో చూపించడానికి కుక్కపిల్ల లాంటిదేదీ లేదు, రోదనే ఉంది.

వ్యాజ్యం రెండు దశాబ్దాలు నడిచింది. 1948లో మాతోస్ చనిపోయాడు. అదే ఏడాది కనారోయే మధ్యవర్తిగా తేల్చాడు: పాట రాబడిలో కొంతూర్సి, మరోనిల పక్షానికి 20 శాతం, మిగతా 80 శాతం మాతోస్ పక్షానికి. పేరు 'లా కుంపర్సీతా'గానే నిలిచింది. నృత్యశాలల్లో రాత్రి చివరి టాంగోగా మోగేటప్పుడు చాలాసార్లు మాటలే ఉండవు. మాటలతో పాడేవాళ్లు మాత్రం ఎక్కువగా 'నీకు తెలిస్తేనా' అనే మొదలుపెడతారు.