50 కోట్ల లెక్క ఎక్కడ మొదలైంది?

పార్లమెంటు సమావేశాలు మొదలైతే చాలు, రాయలసీమ నుంచో ఉత్తరాంధ్ర నుంచో ఎవరో ఒక ఎంపీ ఆ ప్రశ్న వేస్తూనే ఉంటారు. వెనుకబడిన జిల్లాలకు విభజన చట్టం ప్రకారం రావాల్సిన ప్రత్యేక ప్యాకేజీ ఏమైంది అని. ఆర్థిక శాఖ నుంచి సమాధానం వస్తుంది. ఏ ఏడాది ఎంత విడుదల చేశారో అందులో ఉంటుంది. ఇంకా ఎంత ఇస్తారు, ఎప్పటిదాకా ఇస్తారు అన్నది మాత్రం ఉండదు. కేంద్రం ఇచ్చిందని చెప్పే పార్టీ, ఎగ్గొట్టిందని చెప్పే పార్టీ రెండూ ఆ ఒక్క కాగితాన్నే చూపించి వాదించుకుంటాయి.

2024 జులై 23న నిర్మలా సీతారామన్ బడ్జెట్ ప్రసంగం చదివాక ఈ వాదన కొత్త మలుపు తిరిగింది. చట్టంలో చెప్పిన విధంగా రాయలసీమ, ప్రకాశం, ఉత్తరాంధ్ర వెనుకబడిన ప్రాంతాలకు గ్రాంట్లు ఇస్తామని ఆమె ప్రకటించారు. అదే ప్రసంగంలో రాజధానికి 15,000 కోట్లు అని అంకె చెప్పారు. వెనుకబడిన ప్రాంతాల దగ్గరికి వచ్చేసరికి అంకె లేదు. ఎందుకు లేదో తెలియాలంటే హోదా గొడవ మొత్తం తిరగేయనక్కర్లేదు, కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక దాకా వెళ్లనక్కర్లేదు. 2015 ఫిబ్రవరి దగ్గర ఆగితే సరిపోతుంది.

ఆ నెలలో కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు 850 కోట్లు ప్రకటించింది. అందులో 500 కోట్లు రెవెన్యూ లోటు కింద. మిగతా 350 కోట్లు ఏడు వెనుకబడిన జిల్లాలకు, జిల్లాకు 50 కోట్ల చొప్పున. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ఆ ఏడు. రాష్ట్రం ఏర్పడిన తొలి ఏడాది, ఖజానా ఖాళీ, ఎంత వచ్చినా మంచిదే అనుకునే రోజులు. కలెక్టర్లు పనుల జాబితాలు తయారుచేసి పంపారు. డబ్బు వచ్చింది. తర్వాతి రెండేళ్లూ అదే లెక్కన వచ్చి మొత్తం 1,050 కోట్లయింది.

నా దృష్టిలో ఈ కథ మొత్తాన్నీ మార్చేసిన అంకె ఆ 50 కోట్లే. అవసరాలు లెక్కగట్టి తేల్చిన అంకె అయితే ఏడు జిల్లాలకూ ఒకటే ఎలా అవుతుంది? 2011 జనాభా లెక్కల్లో విశాఖ జిల్లా జనం దాదాపు 43 లక్షలు, విజయనగరం జిల్లాలో 23 లక్షల పైచిలుకు. ఇద్దరికీ 50 కోట్లే. ఏడు జిల్లాల జనాభా కలిపితే రెండు కోట్ల 45 లక్షలు. ఏడాదికి 350 కోట్లంటే మనిషికి 143 రూపాయలు.

ఏడాది ముందు సభలో చెప్పింది ఇది కాదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటనలో అందరికీ గుర్తున్నది ఐదేళ్ల ప్రత్యేక హోదా. కానీ అదే ప్రకటనలో, ఒడిశాలోని కోరాపుట్-బొలాంగీర్-కలహండి ప్రత్యేక ప్రణాళిక తరహాలో, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్‌లలోని బుందేల్‌ఖండ్ ప్యాకేజీ తరహాలో వెనుకబడిన ప్రాంతాలకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ ఇస్తామన్న మాట కూడా ఉంది. అంటే నమూనా పేరుతో సహా చెప్పారు. బుందేల్‌ఖండ్‌కు 2009లో ఆమోదించింది 7,266 కోట్లు, 13 జిల్లాలకు, మూడేళ్లకు. జిల్లాకు సగటున 559 కోట్లు. మన ఏడు జిల్లాలకు తొలి మూడు విడతల్లో దక్కింది జిల్లాకు 150 కోట్లు. బుందేల్‌ఖండ్ డబ్బులో చాలా భాగం అప్పటికే నడుస్తున్న కేంద్ర పథకాల నుంచి సర్దిందే, అది నిజమే. సగం తీసేసి చూసినా మనకు వచ్చింది తక్కువే.

రాష్ట్ర ప్రభుత్వం ఈ నమూనా ప్రకారమే 24,350 కోట్లు కావాలని అడిగింది. ఆ ప్రతిపాదనను ఒప్పుకోలేదు, తిరస్కరిస్తున్నామనీ సభలో గట్టిగా అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేకపోయింది. ప్యాకేజీ గురించి అడిగిన ప్రతిసారీ జిల్లాకు 50 కోట్ల చొప్పున ఇంత ఇచ్చాం అని చెబితే సరిపోయేది.

సభలో ప్రశ్నకు సమాధానం ఎలా తయారవుతుందో తెలిస్తేనే ఈ 50 కోట్లు ఎంత పని చేసిందో అర్థమవుతుంది. ఎంపీ కనీసం 15 రోజుల ముందు ప్రశ్న ఇవ్వాలి. ఏది సభలో నోటితో అడిగే ప్రశ్న అవుతుందో, ఏది రాతపూర్వక సమాధానంతో సరిపెట్టుకోవాలో చాలావరకు లాటరీ తేలుస్తుంది. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలు నక్షత్రం గుర్తువి, అంటే నోటితో అడిగేవి, 230 దాకా గుర్తు లేనివి. గుర్తు ఉన్నవాటికే అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు, అదీ గంటలోపు వంతు వస్తే. చాలా రోజుల్లో ఐదారు ప్రశ్నలతోనే గంట అయిపోతుంది. మిగిలినవన్నీ కాగితం మీదే. ప్రశ్నలో ఎ, బి, సి, డి అని భాగాలుంటాయి. డి భాగంలో ఎంపీ అసలు సంగతి అడుగుతారు, మిగతా సొమ్ము ఎప్పుడిస్తారని. సమాధానంలో చాలాసార్లు ‘ఎ నుంచి డి వరకు’ అని అన్నిటినీ కలిపి ఒకటే పేరా ఉంటుంది. డి భాగం అందులో కలిసిపోతుంది.

ఇంకో కిటుకు ఉంది. మంత్రి సభలో ‘పరిశీలిస్తున్నాం’ అన్నా, ‘వివరాలు సేకరించి సభ ముందుంచుతాం’ అన్నా అది హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని నమోదు చేసుకుంటుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే గడువు పెంచమని అడుక్కోవాలి. ‘ఫలానా ఏడాది 350 కోట్లు విడుదల చేశాం’ అంటే మాత్రం అందులో హామీ ఏమీ లేదు, జరిగిపోయిన పని చెప్పడమే. 2015 తర్వాత వెనుకబడిన జిల్లాల మీద సమాధానాలు భూతకాలంలోకి వెళ్లిపోవడానికి ఇదే కారణమని నా నమ్మకం. ఇచ్చిన అంకె చేతిలో ఉన్నప్పుడు ఇవ్వబోయే అంకె చెప్పి ఇరుక్కోవాలని ఏ శాఖ అనుకుంటుంది?

చట్టం కూడా ఇందుకు వీలిచ్చింది. 46వ సెక్షన్‌లో రాయలసీమ, ఉత్తరాంధ్ర పేర్లున్నాయి, తగిన ప్రోత్సాహకాలు ఇవ్వాలని ఉంది. వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధికి కేంద్రం తోడ్పడాలని 94వ సెక్షన్ చెబుతుంది. ఎంత, ఎన్నేళ్లు అన్నది రెండింటిలోనూ లేదు. హోం శాఖను అడిగితే చాలా అంశాలు అమలయ్యాయి, మిగతావి వివిధ దశల్లో ఉన్నాయి, కొన్నింటికి పదేళ్ల గడువుంది అనే సమాధానం ఏళ్ల తరబడి వచ్చింది. ఆ పదేళ్లు 2024 జూన్ 2తో నిండిపోయాయి.

2018 ఫిబ్రవరి సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. నాలుగో విడత 350 కోట్లు రాష్ట్ర ఖాతాలో పడ్డాయి, వారం తిరక్కుండానే వెనక్కి వెళ్లిపోయాయి. ప్రధాని కార్యాలయం అనుమతి లేదన్నది కారణంగా చెప్పారని రాష్ట్రం తెలిపింది. అప్పటికి ఖర్చు చేసినదాంట్లో ఎక్కువ భాగానికి వినియోగ ధ్రువపత్రాలు పంపామని, నీతి ఆయోగ్ కూడా సిఫారసు చేసిందని రాష్ట్ర అధికారులు చెప్పారు. మార్చిలో టీడీపీ మంత్రులు కేంద్రం నుంచి బయటికి వచ్చారు, జులై 20న అవిశ్వాస తీర్మానం 126-325 ఓట్లతో వీగిపోయింది. ఆ వేడిలో చర్చ అంతా వెనక్కి తీసుకున్న 350 కోట్ల చుట్టూ తిరిగింది. 24,350 కోట్లు ఎవరికీ గుర్తులేదు. రాష్ట్రం వైపు నుంచి జరిగిన పెద్ద నష్టం ఇదే అనిపిస్తుంది. 350 కోట్లు తిరిగివ్వమని అడిగిన ప్రతిసారీ, మనకు రావాల్సింది అంతే అని మనమే ఒప్పుకున్నట్టయింది. తర్వాత మళ్లీ విడతలు వచ్చినప్పుడు కూడా లెక్క జిల్లాకు 50 కోట్లే.

కేంద్రం మాట ఏమిటంటే, 14వ ఆర్థిక సంఘం తర్వాత పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతానికి పెరిగింది, ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లకు 22,113 కోట్ల రెవెన్యూ లోటు గ్రాంటు కూడా వచ్చింది. అది వచ్చిన మాట నిజం. అయితే లోటు గ్రాంటు జీతాలకు, పెన్షన్లకు, రోజువారీ ఖర్చుకు తగ్గిన చోట పూడ్చడానికి వచ్చేది, అదీ రాష్ట్రం మొత్తానికి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో నీళ్లకు అది వేరుగా రాదు.

ఉద్దానం సంగతే చూడండి. కిడ్నీ జబ్బుతో ఇంటికొకరు మంచాన పడిన ఊళ్లకు హిరమండలం రిజర్వాయరు నుంచి శుద్ధిచేసిన నీళ్లు పంపే పథకం 2023 డిసెంబర్‌లో ప్రారంభమైంది. దాని ఖర్చు 700 కోట్లు. శ్రీకాకుళం జిల్లాకు ఏటా వచ్చే 50 కోట్లు ఒక్క పైసా వేరే పనికి వాడకుండా దాచినా, ఆ ఒక్క పథకానికే 14 ఏళ్లు పట్టేది. రోడ్లు, ఆసుపత్రులు, వలస పోకుండా జనాన్ని ఊళ్లో నిలబెట్టే పనులు, వీటన్నిటికీ ఆ తర్వాతే వంతు.

ఇప్పుడు ప్రకాశం చేరింది. మార్కాపురం, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగుతూ వెలిగొండ ప్రాజెక్టు కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న వాళ్లకు ఆ పేరు బడ్జెట్ ప్రసంగంలో వినబడడం చిన్న విషయం కాదు. చట్టంలో ఆ జిల్లా పేరు లేకపోయినా ‘చట్టంలో చెప్పిన విధంగా’ అంటూనే ఆ పేరు చదివారు. పేర్లు పెంచగలిగినప్పుడు అంకె మార్చడానికి చట్టం అడ్డమని చెప్పడం కుదరదు. ఇక 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి, పాత ఏడు జిల్లాలు కూడా ముక్కలయ్యాయి. జిల్లాకు 50 కోట్లు అంటే పాత శ్రీకాకుళానికా, అందులోంచి కొంత భాగం తీసి ఏర్పాటుచేసిన పార్వతీపురం మన్యానికి కూడానా? ఏజెన్సీ గ్రామాలున్న ఆ జిల్లాకు వేరుగా ఏమీ రాకపోతే ఈ ఏర్పాటుతో అన్యాయమైపోయేది వాళ్లే.

తెలంగాణకు కూడా హైదరాబాద్ మినహా తొమ్మిది ఉమ్మడి జిల్లాలకు ఇదే లెక్కన ఏడాదికి 450 కోట్లు కేటాయించారు, అక్కడా ఆగిపోయిన ఏళ్ల బకాయిల మీద గొడవ ఉంది. రెండు రాష్ట్రాల ఎంపీలు కలిసి అడగగలిగిన కొద్ది విషయాల్లో ఇదొకటి. విడుదల చేసిన మొత్తం ఎంత అని అడిగితే మళ్లీ పాత అంకెలే వస్తాయి. 2014 ఫిబ్రవరి 20 నాటి ప్రకటనలో చెప్పిన బుందేల్‌ఖండ్ తరహా ప్యాకేజీ మొత్తం ఎంతని కేంద్రం నిర్ణయించింది, జిల్లాకు 50 కోట్లు అన్నది ఏ అంచనా మీద పెట్టారు, ఆ అంచనా కాగితం సభ ముందు పెడతారా అని అడగాలి. ఈ మూడింటికీ పాత విడుదలల లెక్క సమాధానం కాదు. మంత్రి వివరాలు సేకరిస్తున్నాం అన్నా సరే, అది హామీల కమిటీ పుస్తకంలోకి ఎక్కుతుంది.