కూరగాయల్లో అంతర పంటలు, కలుపు: అపోహలు - వాస్తవాలు

అంతర పంట వేరు, కలుపు వేరు అనుకుంటాం కానీ రెండిటికీ మూలం ఒక్కటే, సాళ్ల మధ్య ఖాళీ నేల. అక్కడ మనం నీడ కల్పించకపోతే కలుపు వచ్చి కూర్చుంటుంది.

అపోహ: కలుపు బాగా పెరిగాక ఒకేసారి తీయిస్తే కూలి కలిసొస్తుంది.

కలిసిరాదు, పైగా దిగుబడి పోతుంది. టమాటా, మిరప నాటాక మొదటి 30-45 రోజులు చాలా ముఖ్యం, అప్పుడు కలుపు తినేసిన ఎరువును ఆ తర్వాత ఎంత శుభ్రంగా తీయించినా వెనక్కి తేలేం. ఉల్లికైతే సన్నటి నిలువు ఆకులు, నేలకు నీడ పడదు, అందుకే దాదాపు రెండు నెలలు కనిపెట్టుకుని ఉండాలి.

అపోహ: ఖాళీ ఉంటే ఏ పంటైనా వేసేయొచ్చు.

దయచేసి అలా చేయకండి. ప్రధాన పంట గుబురు కట్టేలోగా అంతర పంట చేతికొచ్చి తప్పుకోవాలి: క్యాబేజీలో ముల్లంగి, మిరపలో కొత్తిమీర అలాంటివే. టమాటాలో వంగ వేస్తే రెండూ ఒకే కుటుంబం కాబట్టి బాక్టీరియా ఎండు తెగులు, వేళ్లను పట్టే నులిపురుగులు రెండిటికీ పడతాయి. మరీ ఒత్తుగా చల్లితే అంతర పంటే కలుపైపోతుంది, ఇది నేను చాలాసార్లు చూశాను.

అపోహ: ప్రధాన పంట దిగుబడి కొంచెం తగ్గినా నష్టమే.

రెండూ కలిపి లెక్కేయండి. విడిగా వేస్తే వచ్చే దాంట్లో టమాటా 80 శాతం, ముల్లంగి 40 శాతం వచ్చాయనుకుందాం, అంటే ఒక ఎకరం 1.2 ఎకరాల పని చేసినట్టు. అందులోంచి అదనపు విత్తనం, కూలి ఖర్చు తీసేస్తే మిగిలేదే అసలు లాభం.

అపోహ: తుంగకు మందు కొడితే, లేదా మల్చింగ్ షీటు (నేల మీద పరిచే ప్లాస్టిక్ షీటు) వేస్తే చాలు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పెండిమిథాలిన్ అనే కలుపు మందు మొలకెత్తబోయే గింజను ఆపుతుంది, భూమిలో ఉన్న తుంగ గడ్డను ఏమీ చేయలేదు. తుంగ మొన ప్లాస్టిక్ షీటును కూడా పొడుచుకుని పైకి వస్తుంది. రోటవేటర్ తిప్పితే గొలుసులా ఉన్న గడ్డలు తెగి పొలమంతా పాకుతాయి. ఎండాకాలంలో లోతు దుక్కి చేసి, పైకి తేలిన గడ్డలను ఎండబెట్టి, దొరికినవన్నీ ఏరి పొలం బయట పడేయాలి, ఒక్క ఏడాదితో పోదు, ఓపిక పట్టాలి. తుంగ నీడకు ఓర్వలేదు కాబట్టి ఆ తర్వాత బొబ్బర్లలాంటి గుబురు పంట వేస్తే బాగా అణుగుతుంది.

కలుపు మందు వాడేటప్పుడు మాత్రం పొలంలో ఉన్న రెండు పంటలకూ అది పనికొస్తుందో లేదో లేబుల్‌లో చూడండి. గడ్డి జాతి కలుపును చంపే క్విజలోఫాప్ మందు టమాటాను ఏమీ చేయదు కానీ పక్కనే మొక్కజొన్న ఉంటే, అదీ గడ్డి జాతే కాబట్టి చంపేస్తుంది.

ఇంకో మాట, నాటడానికి రెండు మూడు వారాల ముందు నేల సిద్ధం చేసి ఒక తడి ఇవ్వండి. మొలిచిన కలుపును గుంటకతో పైపైనే తీసేసి వెంటనే నాటండి. ఆ సమయంలో లోతుగా దున్నితే అడుగున ఉన్న కలుపు గింజలు పైకొచ్చి మళ్లీ మొలుస్తాయి.