అమెరికాలో డబ్బున్నవాళ్ళు ఎవరికి ఓటేస్తారు? అపోహలు, వాస్తవాలు

అమెరికా ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ తెనాలి నుంచి మా బాబాయి ఫోను చేస్తాడు. "ఏరా, అక్కడ డబ్బున్నోళ్ళ పార్టీ ఏది, లేనోళ్ళ పార్టీ ఏది? ఒక్క ముక్కలో చెప్పు" అంటాడు. నేను ఇక్కడ సర్వేల డేటా మీద పనిచేయబట్టి పన్నెండేళ్ళయింది. ఆ ఒక్క ముక్క ఇంతవరకూ చెప్పలేదు, చెప్పను కూడా. ఎందుకంటే ఆ ప్రశ్నకు 2012లో వచ్చిన జవాబు వేరు, 2024లో వచ్చింది వేరు. మిసిసిపీలో ఒకటైతే కనెక్టికట్‌లో ఇంకొకటి.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మ్యాపుల్లో, యూట్యూబ్ చర్చల్లో నాకు పదేపదే ఎదురయ్యే అపోహలు కొన్ని ఉన్నాయి. రోజూ ఈ అంకెల మధ్యే ఉంటాను కాబట్టి అవి విన్నప్పుడల్లా మనసు ఊరుకోదు. అందుకే ఈ పోస్టు.

అపోహ: ధనికులంతా రిపబ్లికన్లు, పేదలంతా డెమోక్రాట్లు

ఒకప్పుడు ఇందులో సగం నిజం ఉండేది. 2012 ఎగ్జిట్ పోల్ చూడండి. ఏడాదికి 50 వేల డాలర్ల లోపు ఆదాయం ఉన్న ఇళ్ళలో డెమోక్రాట్ ఒబామాకు 60 శాతం, రిపబ్లికన్ రామ్నీకి 38 శాతం. లక్ష డాలర్లు దాటిన ఇళ్ళలో రామ్నీకి 54, ఒబామాకు 44. మెట్లు ఎక్కేకొద్దీ రిపబ్లికన్ ఓటు పెరిగింది.

2024కి వచ్చేసరికి ఆ మెట్లు తిరగబడ్డాయి. లక్ష దాటిన ఇళ్ళలో డెమోక్రాట్ హారిస్‌కు 51, రిపబ్లికన్ ట్రంప్‌కు 47. 30 వేల నుంచి 50 వేల మధ్య ఉన్నవాళ్ళలో ట్రంప్‌కు 53, హారిస్‌కు 45. పన్నెండేళ్ళలో ఇంత మార్పు చిన్న విషయం కాదు.

కానీ ఈ రెండు ఎన్నికల అంకెల్నీ ఇంకోసారి చదవండి. 2012లో కూడా తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళలో పదిమందికి దాదాపు నలుగురు రామ్నీకే వేశారు. 2024లో బాగా సంపాదించేవాళ్ళలో సగానికి కాస్త తక్కువమంది ట్రంప్‌కే వేశారు. "అంతా" అన్న మాట ఏ ఏడాదీ నిజం కాలేదు. మనిషి జీతం ఒక్కటి తెలిసినంత మాత్రాన అతని ఓటు చెప్పడం ఎంత కష్టమో, ఈ పనిలోకి వచ్చిన మొదటి ఏడాదే నాకు అర్థమైంది.

అపోహ: డబ్బున్న రాష్ట్రాలు డెమోక్రాట్ల వైపున్నాయి, కాబట్టి డబ్బున్నవాళ్ళు డెమోక్రాట్లే

ఈ ఒక్కదాని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. చదువుకున్నవాళ్ళు కూడా ఎక్కువగా పడేది ఈ గోతిలోనే.

మసాచుసెట్స్‌లో మధ్యస్థ కుటుంబ ఆదాయం, అంటే కుటుంబాలన్నిటినీ ఆదాయం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యన వచ్చేది, 2023లో దాదాపు లక్ష డాలర్లు. మిసిసిపీలో అది 54 వేల దగ్గరుంది. మొదటిది డెమోక్రాట్ల కంచుకోట, రెండోది రిపబ్లికన్లది. మ్యాపు మీద రిపబ్లికన్లకు ఎరుపు, డెమోక్రాట్లకు నీలం రంగు వేసి చూపిస్తే ఎవరికైనా అనిపించేది ఒకటే: డబ్బుంటే నీలం, లేకపోతే ఎరుపు.

మరి రాష్ట్రం లోపలికి వెళ్ళి చూస్తే? 2000, 2004 ఎన్నికల సర్వేల్లో కనిపించింది దీనికి పూర్తిగా ఎదురు. మిసిసిపీలో ఆదాయం పెరిగేకొద్దీ రిపబ్లికన్ బుష్‌కు ఓటు నిటారుగా పెరిగింది. అక్కడి డబ్బున్నవాళ్ళు గట్టి రిపబ్లికన్లు. పేదల్లో నల్లజాతి వాళ్ళు ఎక్కువ కాబట్టి కింది మెట్ల ఓట్లు డెమోక్రాట్లకు పడ్డాయి. కనెక్టికట్‌లో ఆదాయాన్ని బట్టి ఓటు మారే గీత దాదాపు చదునుగా ఉంది. అక్కడ డబ్బున్నవాడి ఓటుకూ లేనివాడి ఓటుకూ పెద్ద తేడా లేదు. అంటే రాష్ట్రాల మధ్య పోలిస్తే ఒక కథ, ఒకే రాష్ట్రంలో మనుషుల మధ్య పోలిస్తే ఇంకో కథ. రెండూ ఒకేసారి నిజం.

ప్రాంతం సగటు చూసి మనిషి గురించి తీర్పు చెప్పడంలోని ఈ పొరపాటును డబ్ల్యూ. ఎస్. రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950లోనే అంకెలతో నిరూపించాడు. ఆయన 1930 జనాభా లెక్కలు తీసుకున్నాడు. విదేశాల్లో పుట్టి వలస వచ్చినవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువగా ఉంది. అది చూసి వలస వచ్చినవాళ్ళకే చదువు ఎక్కువ అనుకోవచ్చు. మనిషి మనిషినీ లెక్క వేస్తే మాత్రం వాళ్ళలోనే నిరక్షరాస్యత ఎక్కువ. వాళ్ళు వచ్చి స్థిరపడింది అప్పటికే చదువు బాగా ఉన్న రాష్ట్రాల్లో. అంతే. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదటి రోజు చెప్పేది ఈ ఉదాహరణే.

వర్జీనియాలోని లౌడన్ కౌంటీ మన తెలుగువాళ్ళలో చాలామందికి తెలుసు. ఆష్‌బర్న్ ఉన్నది అక్కడే. మధ్యస్థ కుటుంబ ఆదాయంలో దేశంలోని కౌంటీల్లో మొదటి వరుసలో ఉంటుంది. 2004లో బుష్ గెలిచిన కౌంటీ అది. 2008లో ఒబామా వైపు తిరిగింది, ఆ తర్వాత డెమోక్రాట్లతోనే ఉంది. అప్పుడూ అది డబ్బున్న కౌంటీయే, ఇప్పుడూ అంతే. మారింది అక్కడ ఉండే మనుషులు, వాళ్ళు చేసే ఉద్యోగాలు, వాళ్ళ చదువులు. మ్యాపు మీద రంగు ఒక్కటే చూస్తే ఇదేమీ కనిపించదు.

అన్నట్టు, రాష్ట్రాల లెక్క కూడా అన్నిచోట్లా కుదరదు. యూటా ఆదాయంలో పైవరుసలో ఉంటుంది, రిపబ్లికన్లకు వేస్తుంది. న్యూ మెక్సికో పేద రాష్ట్రం, డెమోక్రాట్లకు వేస్తుంది.

అపోహ: ఆదాయం అన్నా ఆస్తి అన్నా ఒకటే

పని నేర్చుకుంటున్న రోజుల్లో కొన్ని వారాలపాటు నేనూ ఫోన్లు చేసి ప్రశ్నలు అడిగాను. ఆదాయం ప్రశ్న ఎప్పుడూ చివర్లోనే ఉంటుంది. ముందే అడిగితే మనిషి బిగుసుకుపోతాడు, ఫోను పెట్టేస్తాడు. ఒక సాయంత్రం అయోవాలో ఒక పెద్దావిడ తగిలారు. ఓటు సంగతులన్నీ ఓపిగ్గా చెప్పారు. చివర్లో, "పోయిన ఏడాది మీ ఇంటి మొత్తం ఆదాయం, పన్నులు కట్టకముందు, నేను చదివే గడుల్లో దేనిలోకి వస్తుంది?" అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఏ ఆదాయం బాబూ? పెన్షన్ ఒక్కటేనా, కౌలు కూడా కలపాలా?" అన్నారు. ఎంత కౌలు అని నేను అడగకూడదు, అడగలేదు. ఆవిడే చెప్పారు, భర్త పోయాక మూడు వందల ఎకరాలూ దూరపు బంధువుకు తక్కువ కౌలుకు ఇచ్చేశానని. చివరికి 40 వేల లోపు గడిలో టిక్కు పెట్టాను.

అయోవాలో మంచి సాగుభూమి ఎకరం పది వేల డాలర్లు పలుకుతుంది. అంటే నేను "తక్కువ ఆదాయం" అని రాసుకున్న ఆవిడ చేతిలో ముప్ఫై లక్షల డాలర్ల భూమి ఉంది. అదే గడిలో, ఆవిడ పక్కనే, అద్దె గదిలో ఉంటూ చదువు అప్పు తీరుస్తున్న పీహెచ్‌డీ విద్యార్థి కూడా ఉంటాడు. ఇద్దరి ఆదాయం ఒకటే. బతుకులు మాత్రం ఒకటి కావు. "పేదల ఓటు" అన్న పేరుతో టీవీలో వచ్చే అంకెలో వీళ్ళిద్దరూ కలిసి ఉంటారు.

ఆస్తి లెక్క ఎంత వేరుగా ఉంటుందో చూడండి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మూడేళ్ళకోసారి చేసే కుటుంబాల ఆర్థిక సర్వేలో, 2022లో సొంత ఇల్లున్న కుటుంబం మధ్యస్థ నికర ఆస్తి, అంటే అప్పులు పోగా మిగిలేది, దాదాపు 3 లక్షల 96 వేల డాలర్లు. అద్దెకుండేవాళ్ళది సుమారు 10 వేలు. ఆదాయంలో ఎక్కడా ఇంత అగాధం ఉండదు. తెల్లజాతి కుటుంబానికి నల్లజాతి కుటుంబం కంటే ఆరు రెట్లు ఎక్కువ ఆస్తి ఉందని చెప్పిందీ ఆ సర్వేనే.

నన్ను ఏళ్ళ తరబడి బాధపెడుతున్న విషయం ఒకటుంది. ఆస్తిని ఇంత బాగా కొలిచే ఆ సర్వే, ఓటు ఎవరికి వేశావని అడగదు. 1948 నుంచి ఓటర్ల మనసును బాగా కొలుస్తున్న జాతీయ ఎన్నికల అధ్యయనం ఆస్తి లోతుల్లోకి వెళ్ళదు. సొంత ఇల్లా, షేర్లు ఉన్నాయా అన్నంతవరకే. కాబట్టి "ఆస్తిపరులు ఫలానా పార్టీ" అని ఎవరైనా గట్టిగా చెబుతుంటే, ముందు వాళ్ళు కొలిచింది ఆస్తినా, జీతాన్నా అని అడగండి. నూటికి తొంభైసార్లు జీతమే అయ్యుంటుంది.

అపోహ: ఎగ్జిట్ పోల్ అంకె అంటే ఇక తిరుగులేదు

బ్యాలెట్ రహస్యం. బ్యాలెట్ మీద ఆదాయం ఉండదు. రాష్ట్రాల ఓటర్ల జాబితాల్లో పేరు, చిరునామా, ఏ ఎన్నికల్లో ఓటేశారో లేదో ఉంటాయి, కొన్నిచోట్ల ఏ పార్టీ కింద పేరు నమోదు చేసుకున్నారో కూడా ఉంటుంది. ఆదాయం మాత్రం ఉండదు. ఆదాయాన్ని బట్టి ఓటు అంటూ మీరు చూసే ప్రతి అంకే మనుషులు నోటితో చెప్పింది లేదా కాగితం మీద టిక్కు పెట్టింది.

2020లో ఏం జరిగిందో చూడండి. లక్ష డాలర్లు దాటినవాళ్ళలో ట్రంప్‌కు 54, బైడెన్‌కు 42 అని టీవీ చానళ్ళ ఎగ్జిట్ పోల్ చెప్పింది. అదే వర్గంలో బైడెన్‌కు 51, ట్రంప్‌కు 47 అని అసోసియేటెడ్ ప్రెస్ ఓట్‌కాస్ట్ సర్వే చెప్పింది. ఒకే ఎన్నిక, ఒకే వర్గం, జవాబులు మాత్రం తలకిందులు. పై పేరాల్లో నేనిచ్చిన అంకెల్నీ ఈ సంగతి గుర్తుపెట్టుకునే చదవాలి. ఒక్క శాతం అటూ ఇటూ చూసి కథలు అల్లొద్దు. అనేక ఎన్నికల్లో, వేర్వేరు సర్వేల్లో ఒకే దిక్కుకు పోతున్న మార్పునే నమ్మాలి. లక్ష దాటినవాళ్ళు మెల్లగా డెమోక్రాట్ల వైపు జరగడం అలాంటి మార్పు.

గడుల సమస్య ఇంకొకటి. 2000లోని 50 వేల డాలర్లంటే ఇవాళ 90 వేలకు పైమాటే. గడి పేరు మారలేదు, అందులో ఉన్న మనుషులు మారిపోయారు. 2000 ఎగ్జిట్ పోల్‌లో లక్ష దాటినవాళ్ళు ఓటర్లలో సుమారు 15 శాతం. 2024లో 40 శాతం దాకా ఉన్నారు. అంతమందిని "ధనికులు" అనడం ఏం న్యాయం? శాన్ ఫ్రాన్సిస్కోలో ఒంటరిగా ఉండే మనిషికి లక్షా నాలుగు వేల డాలర్ల ఆదాయమున్నా ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ లెక్కలో, 2023లో, అది "తక్కువ ఆదాయమే". ఆ జీతంతో మిసిసిపీలో దర్జాగా బతకొచ్చు.

అపోహ: కుబేరుల విరాళాలే ధనికుల ఓటు

ఎలాన్ మస్క్ 2024లో ట్రంప్ కోసం పాతిక కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాడు. మైకేల్ బ్లూమ్‌బర్గ్ 2020లో డెమోక్రాటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి కావడం కోసం సొంత డబ్బు వంద కోట్ల డాలర్లు పోసి, పార్టీ లోపలి పోటీలో ఒక్క అమెరికన్ సమోవా అనే చిన్న దీవుల్లో మాత్రమే గెలిచాడు. ఇది పలుకుబడి గురించిన చర్చ, చాలా ముఖ్యమైనదే. లక్షన్నర సంపాదించే దంతవైద్యుడి ఓటు గురించి మాత్రం ఇది ఏమీ చెప్పదు.

అపోహ: ఎక్కువ చదువు, ఎక్కువ జీతం, రెండూ ఒకే వైపు లాగుతాయి

ఇవాళ అమెరికాలో ఓటును చీల్చే గీత జీతం కంటే డిగ్రీ దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. 2024లో నాలుగేళ్ళ డిగ్రీ ఉన్నవాళ్ళలో హారిస్‌కు దాదాపు 55 శాతం, లేనివాళ్ళలో ట్రంప్‌కు దాదాపు 56. సొంతంగా ప్లంబింగ్ కాంట్రాక్టులు చేసుకుంటూ లక్షన్నర సంపాదించే మనిషినీ, 60 వేల జీతంతో బడిలో పాఠాలు చెప్పే పంతులమ్మనూ పక్కపక్కన పెట్టండి. తెల్లజాతి ఓటర్లలో అయితే మొదటాయన రిపబ్లికన్, రెండో ఆవిడ డెమోక్రాట్ అయ్యే అవకాశమే ఎక్కువ. కార్మిక సంఘాలు బలహీనపడటం కూడా ఇందులో ఒక కారణమని నా నమ్మకం. 1950ల్లో ఉద్యోగుల్లో మూడోవంతు సంఘాల్లో ఉండేవారు. ఇప్పుడు ప్రైవేటు రంగంలో అది దాదాపు ఆరు శాతం.

అపోహ: పేదలు తమ కడుపు తామే కొట్టుకునేలా ఓటేస్తారు

ఈ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. పేదవాళ్ళకు తమ మంచిచెడ్డలు తెలియవన్న చిన్నచూపు ఇందులో ఉంది.

ఫ్లోరిడాలో 2020 నవంబరులో ట్రంప్ గెలిచాడు. అదే రోజు, అదే ఓటర్లు, కనీస వేతనాన్ని గంటకు 15 డాలర్లకు పెంచే ప్రతిపాదనను దాదాపు 61 శాతంతో గెలిపించారు. మిసూరీలో 2018లో సెనేట్‌కు రిపబ్లికన్‌ను ఎన్నుకుంటూనే, కనీస వేతనం పెంపుకు 62 శాతం మంది ఔనన్నారు. డబ్బు సంగతి విడిగా అడిగితే, వాళ్ళు చెప్పిన జవాబు ఇది. మరోపక్క 2024లో హారిస్‌కు 58 శాతం ఓట్లిచ్చిన కాలిఫోర్నియా, కనీస వేతనాన్ని 18 డాలర్లకు పెంచుదామంటే స్వల్ప తేడాతో వద్దంది. మనిషి పార్టీకి వేసే ఓటులో మతం, జాతి, ఊరు, తుపాకీ, గర్భస్రావం, సరిహద్దు, కిరాణా బిల్లు అన్నీ ఒకే మూటలో ఉంటాయి. అందులోంచి ఒక్క కిరాణా బిల్లునే బయటికి లాగి, "నీకు లెక్క తెలియదు" అనకూడదు.

టెక్సస్‌లో మెక్సికో సరిహద్దున స్టార్ కౌంటీ ఉంది. జనం దాదాపు అంతా హిస్పానిక్కులు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళు, దేశంలోని పేద కౌంటీల్లో ఒకటి. 2016లో హిల్లరీ క్లింటన్‌కు అక్కడ 79 శాతం వచ్చింది. 2024లో ట్రంప్ గెలిచాడు. ఆ కౌంటీలో రిపబ్లికన్ అభ్యర్థి గెలవడం 1892 తర్వాత అదే మొదటిసారి. ఆ ఎనిమిదేళ్ళలో ఆ ఊళ్ళు పేద ఊళ్ళుగానే ఉన్నాయి.

అపోహ: మనవాళ్ళు బాగా సంపాదిస్తున్నారు, కాబట్టి పన్నులు తగ్గించే పార్టీకే వేస్తారు

భారతీయ అమెరికన్ కుటుంబాల మధ్యస్థ ఆదాయం లక్షన్నర డాలర్ల దగ్గరుంది, దేశం మొత్తానికి అది 80 వేల ప్రాంతం. అయినా కార్నెగీ అనే పరిశోధన సంస్థ సర్వేల్లో 2020లో 72 శాతం బైడెన్‌కు, 2024లో 61 శాతం హారిస్‌కు వేస్తామన్నారు. జీతాన్ని బట్టి పాత సూత్రం వేసుకున్నవాళ్ళకు రెండుసార్లూ లెక్క తప్పింది.

ఆ తగ్గుదల ఎక్కడ వచ్చిందో చూస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2024 సర్వేలో నలభై ఏళ్ళ లోపు మగవాళ్ళలో ట్రంప్ వైపు మొగ్గినవాళ్ళే కాస్త ఎక్కువ. ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు హారిస్ వైపు గట్టిగానే నిలిచారు. కిందటిసారి బాబాయి ఫోను చేసినప్పుడు నేను ఈ సంగతే చెప్పాను. సర్వేలో మేం అడిగేది ఇంటి మొత్తం ఆదాయం. తల్లికీ, ఆమెతోపాటే ఉంటున్న పాతికేళ్ళ కొడుక్కీ మేం టిక్కు పెట్టేది ఒకే గడిలో. ఆ కింది ప్రశ్నలో, ఎవరికి ఓటు అన్నచోట, ఇద్దరి టిక్కులూ చెరోవైపు పడుతున్నాయి.